రూటర్ కొంటున్నారా?.. డబ్బా మీది నంబర్లు కాదు, వెనకున్న పోర్టు చూడండి! నిజామాబాద్, బోధన్ వాళ్లకు పనికొచ్చే లెక్క

ఇంటికి ఫైబర్ వచ్చింది. నెలనెలా బిల్లు కడుతున్నారు. అయినా బెడ్‌రూమ్‌లో వీడియో ఓపెన్ చేస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. గల్ఫ్ నుంచి ఇంటాయన వీడియో కాల్ చేస్తే మొహం గడులు గడులుగా విరిగి ఆగిపోతుంది. "సిగ్నల్ ఫుల్లు చూపిస్తుంది అన్నా.. నెట్టే వస్తలేదు" అని ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే చాలాసార్లు వచ్చే జవాబు ఒక్కటే. "రూటర్ మార్చండి".

సరే అని రెండు వేలు పెట్టి కొత్తది తెచ్చి బిగిస్తే.. చాలా ఇళ్లలో పరిస్థితి మళ్లీ అదే. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టి ఇల్లు నడిపే ఆడవాళ్లు ఎంతోమంది. అలాంటి ఇంట్లో రెండు వేలు అంటే మాటలు కాదు. ఆ డబ్బు వృథా కావొద్దంటే షాపుకు వెళ్లే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సిన పని కొంత ఉంది.

ముందు ఈ పరీక్ష చేయండి

ఇప్పుడున్న బాక్స్‌కు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేయండి. మిగతా ఫోన్లు, టీవీ ఆ కాసేపు వైఫైకి దూరంగా పెట్టండి. ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా మంచిది. లాన్ కేబుల్‌తో నేరుగా బాక్స్‌కు కలిపి చూడండి. తర్వాత అదే టెస్ట్ నెట్ ఆగిపోతున్న గదిలో చేయండి. పొద్దున ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి.

బాక్స్ పక్కన ప్లాన్‌కు తగ్గ స్పీడ్ వచ్చి, బెడ్‌రూమ్‌లో పడిపోతే తప్పు వైఫైది. అప్పుడు రూటర్ గురించి ఆలోచించవచ్చు. కేబుల్ పెట్టినా స్పీడ్ రాకపోతే మాత్రం తప్పు లైన్‌ది. పొద్దున బాగుండి రాత్రికి పడిపోతుంటే ఆపరేటర్ దగ్గరే రద్దీ ఉందని అనుమానించాలి. ఇలాంటప్పుడు పది వేల రూటర్ తెచ్చినా లాభం లేదు. ఆపరేటర్‌కు ఫిర్యాదు చేసి లైన్ బాగు చేయించుకోవాలి. టెస్ట్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుంటే "రూటర్ మార్చండి" అనే మాట దగ్గరే విషయం ఆగిపోదు.

గల్ఫ్ కాల్స్ విషయంలో ఇంకో మాట. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మామూలుగా పనిచేయవు. అక్కడివాళ్లు బోటిమ్ లాంటి యాప్‌లు వాడతారు. కాబట్టి దుబాయ్ నుంచి వాట్సాప్ కాల్ కలవడం లేదంటే ఆ తప్పు మీ హాల్లో ఉన్న రూటర్‌ది కాదు. అవతలి మనిషి ఉండే క్యాంపులో వైఫై బలహీనంగా ఉన్నా ఇక్కడ బొమ్మ ఆగిపోతుంది. ఒకసారి మొబైల్ డేటాతో కాల్ చేసి చూస్తే తేడా తెలిసిపోతుంది.

మీ ఇంటికి వస్తున్న వైరు ఏది?

రూటర్ కొనడంలో డబ్బులు పోయేది ఎక్కువగా ఇక్కడే. సన్నని ఫైబర్ వైరు నేరుగా ఇంట్లోకి వచ్చి ఒక బాక్స్‌లోకి వెళ్తుంటే.. ఆ బాక్స్‌ను ఓఎన్‌టీ అంటారు. ఫైబర్‌లో వచ్చే వెలుగును మన ఫోన్లకు అర్థమయ్యే సిగ్నల్‌గా మార్చేది అదే. మామూలు రూటర్‌కు ఫైబర్ గుచ్చే చోటే ఉండదు. అంటే కొత్త రూటర్ కొన్నా ఓఎన్‌టీ ఉండాల్సిందే. దాని లాన్ పోర్టు నుంచి చిన్న కేబుల్ తీసి కొత్త రూటర్ వాన్ పోర్టులో పెట్టాలి. జియో, ఎయిర్‌టెల్ లాంటి కంపెనీలు ఇచ్చే బాక్స్‌లో ఓఎన్‌టీ, వైఫై రూటర్ రెండూ కలిసే ఉంటాయి. చాలామందికి వేరే రూటర్ అవసరమే పడదు.

బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌ను చాలాచోట్ల లోకల్ ఫ్రాంచైజీవాళ్లు నడుపుతారు. ఓఎన్‌టీ అద్దెకు ఇస్తారా, కొనుక్కోవాలా అన్నది ముందే అడగండి. ఆన్‌లైన్‌లో చౌకగా కనిపించిందని ఓఎన్‌టీ కొనేయొద్దు. జీపాన్, ఈపాన్ అని రెండు రకాలున్నాయి. ఒక రకానికి చేసినది రెండో రకం లైన్ మీద పనిచేయదు. రెండిటికీ పనికొచ్చేదాన్ని ఎక్స్‌పాన్ అంటారు. అది కొన్నా ఆపరేటర్ తన సిస్టమ్‌లో ఎక్కిస్తేనే నెట్ వస్తుంది.

బోధన్ లాంటి చోట్ల కేబుల్ టీవీ ఆపరేటర్లే నెట్ ఇచ్చే గల్లీలూ ఉంటాయి. స్తంభం మీది డబ్బా నుంచి లాన్ కేబుల్ లాగి ఇంట్లో వేస్తారు. ఇలాంటి కనెక్షన్‌కు ఓఎన్‌టీ అక్కర్లేదు, మామూలు రూటర్ సరిపోతుంది. కాకపోతే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రూటర్‌లో ఎక్కించాలి. దీన్ని పీపీపీఓఈ సెట్టింగ్ అంటారు. అవి రాసిన కాగితం మీ దగ్గర ఉండాలి. కొందరు ఆపరేటర్లు పాత రూటర్ నంబర్‌తో కనెక్షన్ లాక్ చేస్తారు. కొత్తది పెట్టగానే నెట్ రాకపోతే రూటర్ చెడిపోయిందని షాపుకు పరిగెత్తకండి, ముందు ఆపరేటర్‌కు ఫోన్ చేయండి.

ఇక పాత టెలిఫోన్ లైన్ రోజుల్లో వాడిన ఏడీఎస్‌ఎల్ మోడెమ్‌లు. సెకండ్ హ్యాండ్‌లో మూడు నాలుగు వందలకే ఇస్తామంటే ఆశపడొద్దు. వాన్ పోర్టు ఉండాల్సిన చోట ఫోన్ వైరు పట్టే చిన్న రంధ్రం ఉంటే అది పాత లైన్ కోసం చేసిన మాల్. ఫైబర్ కనెక్షన్‌కు దాన్ని వాడటం తలనొప్పే.

ప్లాన్ ఎంతో.. రూటర్ అంతే

షాపులో డబ్బా మీద 300, 750, 1200, 1500 అని పెద్ద నంబర్లు ఉంటాయి. ఇవి లోపలున్న రేడియోలన్నిటి గరిష్ఠ వేగాన్ని కలిపి వేసిన లెక్కలు. ఏ ఒక్క ఫోన్‌కూ ఆ స్పీడ్ రాదు. ఉదాహరణకు ఏసీ1200 అంటే 5 గిగాహెర్ట్జ్ మీద 867, 2.4 గిగాహెర్ట్జ్ మీద 300. రెండూ కలిపి పైకి సర్దారు. ఒక ఫోన్ ఒకసారి ఒకదాని మీదే ఉంటుంది.

అసలు మనకు ఎంత కావాలి? యూట్యూబ్ చెప్పే లెక్క ప్రకారం 720పీ వీడియోకు 2.5 ఎంబీపీఎస్, 1080పీకి 5, 4కేకి 20 ఎంబీపీఎస్ చాలు. ఇంట్లో నాలుగు ఫోన్లలో నలుగురూ ఫుల్ హెచ్‌డీ చూస్తున్నా 20 ఎంబీపీఎస్ సరిపోతుందన్నమాట. రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో సంగారెడ్డి, నారాయణపేట, పెద్దపల్లి జిల్లాల్లోని గ్రామాల్లో టీ-ఫైబర్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు చెప్పిన స్పీడ్ కూడా 300 రూపాయలకు 20 ఎంబీపీఎస్. కాబట్టి 30, 40, 60 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నవాళ్లు స్పీడ్ కోసమని ఖరీదైన రూటర్ కొనాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు కిటుకు. రూటర్ వెనక వాన్ పోర్టు ఉంటుంది కదా.. నెట్ మొత్తం లోపలికి వచ్చే గుమ్మం అదే. చౌక రూటర్లలో ఆ పోర్టు 10/100 రకం. అంటే ఎంత కొట్టుకున్నా 100 దాటదు, నిజంగా చేతికొచ్చేది 95 దగ్గర ఆగిపోతుంది. 10/100/1000 అని ఉంటే అది గిగాబిట్ పోర్టు. డబ్బా మీద ఏసీ1200 అని ఉన్నంత మాత్రాన పోర్టు గిగాబిట్ అనుకోవద్దు. టీపీ-లింక్‌లోనే చూడండి. ఆర్చర్ సీ50, ఆర్చర్ సీ6 రెండూ ఏసీ1200 రకమే. సీ50లో పోర్టులు 10/100, సీ6లో గిగాబిట్. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని సీ50 పెట్టుకుంటే నెలనెలా కట్టే డబ్బులో సగం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అదే 60 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో సీ50 చక్కగా సరిపోతుంది, సీ6కు పెట్టే అదనపు డబ్బు మిగులుతుంది. ఈ ఒక్క తేడా చూసుకుంటే చాలు.. సగం మోసం తప్పుతుంది.

గిగాబిట్ రూటర్ కొన్నాక కూడా 95 దగ్గరే ఆగిపోతోందా? కేబుల్ చివర ప్లగ్ తీసి వెలుగులో పట్టి చూడండి. లోపల ఎనిమిది రంగు తీగలు కనిపించాలి. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు తీగలు సరిపోతాయి కాబట్టి తొందరలో నాలుగే బిగించేవాళ్లు ఉన్నారు. గిగాబిట్‌కు మాత్రం ఎనిమిదీ కావాలి. మళ్లీ ప్లగ్ బిగించడానికి నిమిషాల పని. దీని కోసం రూటర్ మార్చేసినవాళ్లు కూడా ఉంటారు, ఏం చేస్తాం!

5 గిగాహెర్ట్జ్ కావాలా, వద్దా?

ఎన్300 రకం రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంటుంది. ధర సుమారు వెయ్యి రూపాయల దగ్గర. దూరం బాగా వెళ్తుంది, గోడలు దాటుతుంది. చిక్కేమిటంటే ఇందులో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల ఛానెళ్లు మూడే.. 1, 6, 11. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండే బస్తీలో, అపార్ట్‌మెంట్‌లో ఫోన్ వైఫై లిస్ట్ తెరిస్తే పక్కింటివాళ్లవి పదో పదిహేనో పేర్లు కనిపిస్తాయి. అవన్నీ ఆ మూడు ఛానెళ్ల మీదే కొట్టుకుంటుంటాయి. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ పరిసరాల్లోనే. సిగ్నల్ ఫుల్లుగా కనిపించి నెట్ ఆగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. సిగ్నల్ ఉన్నా వినపడని గోల అది.. సంతలో పక్కవాడి మాట వినపడనట్టు.

5 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్లు ఎక్కువ, స్పీడ్ ఎక్కువ. కానీ గోడ, స్లాబ్ వస్తే త్వరగా నీరసపడుతుంది. రెండూ ఉన్న రూటర్‌ను డ్యూయల్ బ్యాండ్ అంటారు. మోడల్‌ను బట్టి పదిహేను వందల నుంచి రెండున్నర వేల మధ్య దొరుకుతాయి. టౌన్‌లో ఉండేవాళ్లకు మా సలహా ఇదే, డ్యూయల్ బ్యాండ్ కంటే తక్కువకు దిగొద్దు. ఎడపల్లి, రెంజల్, కోటగిరి వైపు ఊళ్లలో చుట్టూ ఖాళీ ఉండి, పక్కింటి వైఫై అంతగా తగలని ఇల్లైతే ఎన్300తో కూడా పని నడుస్తుంది.

ఇంకో చిన్న మెలిక ఉంది. మీ ఫోన్లకు 5 గిగాహెర్ట్జ్ పట్టే శక్తి ఉందా? ఫోన్ వివరాల్లో వైఫై దగ్గర 802.11 బీ/జీ/ఎన్ అని మాత్రమే ఉంటే లేదని అర్థం. ఏసీ అనో ఏఎక్స్ అనో ఉంటే ఉన్నట్టు. ఇంట్లో ఉన్నవన్నీ పాత చౌక ఫోన్లే అయితే డ్యూయల్ బ్యాండ్‌కు పెట్టే డబ్బుతో ఈ రోజుకు లాభం తక్కువ. వైఫై 6 రూటర్లు సుమారు రెండున్నర వేల నుంచి మొదలవుతున్నాయి. 200కు పైన ప్లాన్ ఉండి, కొత్త ఫోన్లు ఎక్కువగా ఉంటే తీసుకోవచ్చు.

యాంటెన్నాలు లెక్కపెట్టి కొనేవాళ్లకు ఒక మాట. రెండున్నచోట నాలుగుంటే రెట్టింపు దూరం వెళ్తుందని ఏమీ లేదు. రూటర్ ఎంత బలంగా సిగ్నల్ వదలొచ్చో నిబంధనలే హద్దు పెడతాయి.

పైఅంతస్తుకు నెట్ అందడం లేదా?

గల్ఫ్ డబ్బుతో కట్టుకున్న రెండంతస్తుల ఇళ్లు జిల్లాలో కొల్లలు. కింద హాల్లో టీవీ పక్కన రూటర్, పైన పిల్లల గది. మధ్యలో ఇనుప చువ్వలతో పోసిన కాంక్రీట్ స్లాబ్. ఎంత మంచి రూటరైనా ఇక్కడ తల వంచాల్సిందే. పాత టౌన్‌లో మందపాటి గోడల ఇళ్లదీ ఇదే కథ. పైన కూర్చుని చదువుకునే పిల్లలకు ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు నెట్ ఆగితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో తల్లిదండ్రులకు తెలుసు.

మొదట ఖర్చు లేని పని చేయండి. రూటర్‌ను టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన, ఫ్రిజ్ మీద పెట్టొద్దు. ఇంటి మధ్యలో, మనిషి తల ఎత్తులో, మెట్ల దారికి దగ్గరగా ఉంటే సిగ్నల్ మెట్ల సందులోంచి పైకి వెళ్తుంది. ఆపరేటర్ మనిషి కనెక్షన్ ఇచ్చేటప్పుడు తలుపు పక్కనే బిగించి పోతానంటాడు. పది మీటర్ల వైరు ఎక్కువైనా సరే, మధ్యలో పెట్టమని ఆ రోజే అడగాలి.

అప్పటికీ అందకపోతే చాలామంది రిపీటర్ కొంటారు. ఇది గోడ ప్లగ్‌లో పెట్టే చిన్న డబ్బా. వచ్చిన సిగ్నల్‌నే పట్టి మళ్లీ వదులుతుంది. ఒకే బ్యాండ్ మీద ఈ రెండు పనులూ చేసే చౌక రకమైతే స్పీడ్ దాదాపు సగం పోతుంది. పైగా సిగ్నల్ చచ్చిపోయిన గదిలో పెడితే అది పట్టేదేముంటుంది, వదిలేదేముంటుంది?

దీనికన్నా మంచి దారి పాత రూటర్. అటక మీద పడేసిన ఎన్300 ఏదైనా ఉంటే దించండి. కింద బాక్స్ నుంచి పైకి ఒక లాన్ కేబుల్ లాగించండి. క్యాట్6 కేబుల్ మీటర్ల లెక్కన అమ్ముతారు. 100 మీటర్ల దాకా వెళ్లొచ్చు కాబట్టి ఇంటికి ఢోకా లేదు. అడిగేటప్పుడు పూర్తి రాగి తీగే అడగండి, అల్యూమినియం మీద రాగి పూత ఉన్నది చౌకే కానీ త్వరగా విరుగుతుంది. పైన పాత రూటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే ఆన్ చేస్తే చాలు. లేకపోతే దాని అడ్రస్ కింది బాక్స్‌తో కలవకుండా చివరి అంకె మార్చి.. ఉదాహరణకు కింద 192.168.1.1 ఉంటే పైన 192.168.1.2 పెట్టి.. డీహెచ్‌సీపీ ఆఫ్ చేయాలి. కేబుల్‌ను వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో గుచ్చాలి. కింద ఛానెల్ 1 ఉంటే పైన 6 లేదా 11 పెట్టండి. రెండిటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇస్తే మెట్లెక్కగానే ఫోన్ దానంతట అదే కొత్తదాన్ని వెతుక్కుంటుంది, కొన్ని ఫోన్లు కాస్త బద్ధకిస్తాయి అంతే. కేబుల్ ఖర్చు తప్ప ఇందులో కొత్తగా కొనేది ఏమీ లేదు.

ఎండ, పిడుగు, కరెంటు.. ఈ మూడూ రూటర్‌కు పగవాళ్లే

ఇళ్లలో వాడే రూటర్ల వివరాల్లో సాధారణంగా 0 నుంచి 40 డిగ్రీల వరకే పనిచేయాలని రాసి ఉంటుంది. నిజామాబాద్‌లో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి. స్లాబ్ కింద అటక మీద, రేకుల షెడ్డులో, మూసిన చెక్క డబ్బాలో పెట్టిన బాక్స్ పరిస్థితి ఊహించుకోండి. మధ్యాహ్నం నెట్ ఆగిపోయి, ఆఫ్ చేసి అరగంట తర్వాత ఆన్ చేస్తే వస్తోందంటే వేడి మీద అనుమానపడాలి. గాలి ఆడేచోటికి మార్చి రెండు రోజులు చూడండి. దాని మీద గుడ్డ కప్పొద్దు. దుమ్ము పడుతుందని చాలామంది అదే చేస్తారు!

వానాకాలం ముందు వచ్చే ఉరుములు, మెరుపులతో ఇంకో గండం. ఫైబర్‌లో ఉండేది గాజు పోగు, దానిలోంచి కరెంటు రాదు. కానీ అడాప్టర్ నుంచి వస్తుంది. స్తంభం నుంచి లాన్ కేబుల్ వేసుకున్న ఇళ్లకు ప్రమాదం రెండు వైపుల నుంచీ. ఉరుములు మొదలవగానే అడాప్టర్ పీకేయండి. బయటి నుంచి వచ్చే లాన్ కేబుల్ కూడా తీసేయండి.

కరెంటు పోతే నెట్ కూడా పోతోందా? రూటర్‌కు సరిపోయే చిన్న డీసీ యూపీఎస్‌లు వెయ్యి, పదిహేను వందల మధ్య దొరుకుతున్నాయి. కొనే ముందు రెండు అడాప్టర్ల మీదా రాసింది ఫొటో తీసుకుని వెళ్లండి. కొన్ని 12 వోల్టులు, కొన్ని 9 వోల్టులు. 9 వోల్టుల రూటర్‌కు 12 వోల్టులు పెడితే కాలిపోవచ్చు. ఓఎన్‌టీ, రూటర్ విడివిడిగా ఉన్న ఇంట్లో రెండిటికీ బ్యాకప్ ఉండాలి. ఒక్కదానికే పెట్టి నెట్ రావడం లేదంటే ఎలా వస్తుంది? స్తంభం మీది ఆపరేటర్ పరికరానికి బ్యాకప్ లేకపోతే మీ యూపీఎస్ కూడా ఏమీ చేయలేదు. అది కూడా ముందే అడగాలి.

కొన్న రోజు చేయాల్సినవి

అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉందో లేదో చూడండి. బిల్లు మీద మోడల్ నంబర్‌తో పాటు సీరియల్ నంబర్ కూడా రాయించుకోండి. పేరున్న కంపెనీలు కొన్ని మూడేళ్ల వారంటీ ఇస్తున్నాయి, చేతిలో బిల్లు ఉంటేనే అది పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో వంద రూపాయలు తక్కువ ఉండొచ్చు. కానీ టౌన్‌లో షాపతను పీపీపీఓఈ సెట్టింగ్ చేసి, పని చేయకపోతే మార్చి ఇస్తానంటే ఆ వంద ఇచ్చేయడమే మేలు.

బిగించిన వెంటనే రూటర్ లాగిన్ పాస్‌వర్డ్ మార్చేయండి. అడ్మిన్, అడ్మిన్ అని వదిలేస్తే పక్కవాడు లోపలికి రావడానికి నిమిషం పట్టదు. వైఫై సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3లో ఉండాలి. పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబర్ పెట్టొద్దు, గల్లీలో అందరి దగ్గరా మీ నంబర్ ఉంటుంది. మీ కనెక్షన్ మీద ఎవరో తప్పుడు పని చేస్తే ముందు వెతుక్కుంటూ వచ్చేది బిల్లు ఎవరి పేరు మీద ఉందో ఆ ఇంటికే. డబ్ల్యూపీఎస్ బటన్ వాడకపోతే సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అని ఉన్నచోట ఒకసారి నొక్కి చూడండి.

పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి రూటర్ అడుగున అంటించండి. ఇంట్లో పిల్లలెవరైనా రీసెట్ బటన్ నొక్కిన రోజు, ఆపరేటర్ ఫోన్ ఎత్తని ఆదివారం సాయంత్రం, పనికొచ్చేది ఆ చీటీయే.